సగం మందు, సగం మర్యాద

1. నొప్పి ఏడు, కోపం తొమ్మిది

రోజూ పొద్దున లేవగానే నొప్పికి ఒక అంకె వెయ్యమన్నాడు డాక్టర్ వెంకటసుబ్బయ్య. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఇక భరించలేనట్టు. ఆ అంకె చెబితే ధన్వంతరి రాసుకుంటుంది. ధన్వంతరి అంటే ఆస్పత్రి గోడలో ఉన్న మందుల యంత్రం. దానికి అంకెలు తప్ప మాటలు అక్కర్లేదు. నాకు అంకెలతో సరిపోదు. అందుకని దాని అంకె దానికి పడేసి మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను. కోపానికి కూడా అంకె వెయ్యడం నా సొంత ఏర్పాటు.

నా పేరు హన్విక. అరవై మూడేళ్ళు. మా చిన్నప్పుడు వీధికి ఇద్దరు హన్వికలు ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆ పేరు వింటే పిల్లలు ముసలమ్మ పేరని నవ్వుతున్నారు. ఈ కాలం వాళ్ళవన్నీ సోకు పేర్లు, వెంకటసుబ్బయ్యలూ నాంచారమ్మలూ. నాంచారమ్మ మా అమ్మాయే, నేనే మోజుపడి పెట్టుకున్నాను.

ఎర్రదివిలో ఆకుకూరల గది నాది. ఊరంటే అంగారకుడి నేల కింద తవ్విన సొరంగాలు. మొదట వచ్చినవాళ్ళలో దివిసీమవాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ పేరు పడింది. కిందటేడు ఊరి బయటికి వెళ్ళే గాలి గది తలుపులో నా ఎడమ చెయ్యి ఇరుక్కుంది. ఎముక విరగలేదు. గాయం నెల తిరక్కుండానే మానింది. మోచేతి దగ్గర నరం నలిగింది, దానికి మాత్రం గాయం మానిన సంగతి ఎవరూ చెప్పలేదు. కొంగు తగిలితే నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది. ఉండుండి మోచేతి నుంచి చిటికెన వేలి దాకా కరెంటు కొడుతుంది. ఆ చిటికెన వేలు మొద్దుబారిపోయింది, గిల్లినా తెలియదు. మండేదీ అదే వేలు.

"మొద్దుబారిందంటావు, మండుతోందంటావు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతుందే?" అంటారు మా ఆయన రిత్విక్ గారు. అది నాకు తెలిస్తే నేనే డాక్టరునై ఉండేదాన్ని.

అసలు బాధ ఇది కాదు. నాంచారమ్మకి ఐదో నెల. మొదటి కాన్పు, పురుడు మా ఇంట్లో. పుట్టిన బిడ్డకి అమ్మమ్మ స్నానం పొయ్యాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పొయ్యాలి. మా అమ్మ నాంచారమ్మకి పోసింది. నాకు మా అమ్మమ్మ పోసింది. ఎర్రదివిలో ఇప్పటిదాకా పుట్టిన పిల్లలకి మాత్రం అమ్మమ్మలెవరూ ఇక్కడ లేరు కాబట్టి స్నానాల పెట్టె పోసింది. బిడ్డని లోపల పెట్టి మూత వేస్తే ఆవిరి కొట్టి, ఆరబెట్టి, బయటికి ఇస్తుంది. నేను నా గదిలో టొమాటోలు అలాగే కడుగుతాను.

నా మనవణ్ణో మనవరాల్నో అలా కడగనిచ్చేది లేదని డాక్టర్‌తో చెప్పాను. చేత్తో పోస్తానంటే పరీక్ష ఉంటుందన్నాడు. బిడ్డంత బరువున్న బొమ్మకి సబ్బు రాసి, కాళ్ళ మీద పెట్టి, తిప్పి పడుకోబెట్టమన్నాడు. జారింది. ఇక్కడ బరువు తక్కువ, ఏది పడినా తాపీగా పడుతుంది. పట్టుకోవడానికి బోలెడంత వ్యవధి ఉంది. ఎడమ చెయ్యే రాలేదు. బొమ్మ నేల మీద పడి రెండుసార్లు ఎగిరింది.

"చెయ్యి దారికి రానివ్వండి మామ్మగారూ. అప్పుడు చూద్దాం," అన్నాడు.

మామ్మగారూ అన్నందుకు కోపం తొమ్మిది వేశాను.

2. నొప్పి ఏడు, కోపం ఆరు, నిద్ర బోలెడంత

మామూలు నొప్పి బిళ్ళలు వేసుకోవడం మానెయ్యమన్నాడు. అవి వాపులకీ దెబ్బలకీ పనికొస్తాయట, నరం చేసే అల్లరికి వేరే మందులట.

మొదటిది మూర్ఛకి వాడే మందు. "నాకు మూర్ఛ లేదు నాయనా," అన్నాను.

"ఉన్నందుకు కాదండీ. రెచ్చిపోయిన నరాన్ని కూడా అది కాస్త శాంతపరుస్తుంది. చిటికెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం. ఒక్క రోజులో గుణం కనపడదు, ఓపిక పట్టాలి."

ఓపిక పట్టాను. మోతాదు పెరిగేకొద్దీ నరం సంగతేమో గానీ నేను శాంతించాను. పుదీనా మడికి నీళ్ళు పెట్టి, పెట్టానో లేదో గుర్తురాక మళ్ళీ పెట్టి, పుదీనాని ముంచేశాను. నిలబడితే గది తిరిగింది. పాదాలు వాచాయి. ఒకనాడు గోంగూర కొయ్యబోయి మడి పక్కనే నిద్రపోతే, నాకేదో అయిపోయిందని మా ఆయన ప్రమాద గంట మోగించారు. డాక్టర్ ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదని మెల్లమెల్లగా తగ్గించి మానిపించాడు.

రెండోది దిగులుకి వాడే మందు. నాకు దిగులెక్కడిది, ఉన్నదంతా కోపం. అదీ నరాలకి పనిచేస్తుందట. రాత్రిపూట వేసుకున్నాను. నొప్పి ఒక మెట్టు దిగింది, అబద్ధం చెప్పను. కానీ నోరు పిడచకట్టుకుపోయి మాట బయటికి రాలేదు. మా ఆయన నాకు చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళి, ఈ మందు చాలా బాగా పనిచేస్తోంది, ఇదే ఉంచండి అని చెప్పి వచ్చారు.

మర్నాడు నేను వెళ్ళి మార్పించుకున్నాను.

3. నొప్పి ఎనిమిది, కోపం మూడు, ఎందుకంటే ఏడవడానికే సరిపోయింది

మూడోది మిరపకాయ పట్టీ. మిరపకాయలోంచి కారం తీసి పట్టీకి పట్టిస్తారు. అది చర్మం మీద వేస్తే ముందు బాగా మండుతుంది, మండీ మండీ అక్కడి నరాల కొసలు అలిసిపోయి కొన్ని వారాలు ఊరుకోవచ్చట. మిరపకాయకి భయపడే వంశం కాదు మాది అని డాక్టర్‌తో గొప్పగా అన్నాను. ఆయన చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చినప్పుడే నాకు అర్థం కావలసింది.

అప్పుడే మా వియ్యపురాలు లాస్యప్రియగారు కూడా పట్టీ వేయించుకోవడానికి వచ్చారు. మా అల్లుడు కోటయ్య తల్లి. పక్క సొరంగంలో ఉంటారు, బయట పనిచేసేవాళ్ళ రక్షణ దుస్తులు కుడతారు. ఆవిడ చేతి కుట్టు ఊడిందని ఈ ఊళ్ళో ఎవరూ అనలేదు. రెండేళ్ళ కిందట బయటికి వెళ్ళినప్పుడు బూట్ల పైపొర చిరిగి ఆవిడ పాదాలు గడ్డకట్టాయి. వేళ్ళు దక్కాయి, నరాలు చెడ్డాయి. దుప్పటి అంచు పాదాలకి తగిలినా ఆవిడ నిద్రపోలేరు. మేజోళ్ళు తొడుక్కోలేక చలికాలమంతా ఉట్టి కాళ్ళతో ఉంటారు.

ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, నా చేతికీ ఆవిడ పాదాలకీ పట్టీలు వేసి, కదలొద్దని చెప్పి వెళ్ళాడు. మంట మొదలైంది. నోరారా అరవాలనిపించింది. కానీ వియ్యపురాలి ముందు అబ్బా అని ఎలా అంటాను? పెళ్ళిలో విడిది గదికి కాఫీ ఆలస్యమైనప్పుడు కూడా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మనిషి పక్కన కూర్చుని ఆడపెళ్ళివాళ్ళు కేకలు పెట్టారనిపించుకోవడమా? ఆవిడకీ అదే పట్టుదల. ఇద్దరం పళ్ళు బిగపట్టి, నవ్వు మొహం పెట్టుకుని, అల్లుడిగారి ఉద్యోగం గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరికీ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"కళ్ళలో ఆ నీళ్ళేంటి వదినగారూ?" అన్నారావిడ.

"ఘాటు వదినగారూ. మీకో?"

"నాకూ ఘాటేనండీ."

ఆ ఘాటు గాలి గొట్టాల్లోకి పోయి ఊరంతా తుమ్మింది. ఎవరింట్లోనో తాలింపు పెట్టారని వెతుక్కుంటూ ఇద్దరు కంచాలతో సహా ఆస్పత్రి దాకా వచ్చారు.

పట్టీ వల్ల నాకు కాస్త తగ్గిన మాట నిజం. బొమ్మని మళ్ళీ పట్టుకుని చూశాను. మళ్ళీ జారింది. నాంచారమ్మకి ఎనిమిదో నెల వచ్చింది.

4. నొప్పి ఏడు, కోపం రెండు, ఆశ కొంచెం

కొత్త మందు వచ్చింది. భూమ్మీద కొందరికి గుణం ఇచ్చిందట, ఇక్కడ ఎలా పనిచేస్తుందో తెలియదట. దాని పొడి వచ్చే ఓడ దిగేదాకా ఒక్క మనిషికే సరిపోతుంది.

డాక్టర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ధన్వంతరి రెండు సీసాలు తయారు చేస్తుంది. ఒకదాంట్లో గొట్టం బిళ్ళల నిండా మందు, ఇంకోదాంట్లో గొట్టం బిళ్ళల నిండా ఉత్త పిండి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఎవరికేది వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నెలరోజులు రోజుకొకటి వేసుకోండి. పిండి వేసుకున్నవాళ్ళకంటే మందు వేసుకున్నవాళ్ళకి బాగా తగ్గితే మందు పనిచేసినట్టు. అప్పుడు పొడి ఎవరికివ్వాలో కూర్చుని మాట్లాడుకుందాం. తేడా లేకపోతే పొడి ఎవరికీ ఇవ్వకుండా సీలు వేసేస్తాను. పక్క ఊళ్ళో కూడా ఇలాంటి నొప్పులవాళ్ళు మన ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. మిగతా మందులన్నీ ఆపేశాం కాబట్టి ఇంకేమీ కలపకండి. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాం ఇద్దరం.

ఆ తర్వాత సీసాలు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ముందు మీరు తీసుకోండి వదినగారూ." "అయ్యో, మగపెళ్ళివాళ్ళు, ముందు మీరు." "పురుడు పోసేవాళ్ళు, మీరే ముందు." చివరికి డాక్టరే చెరొకరి చేతిలో ఒకటి పెట్టి తలుపు వేసుకున్నాడు.

5. నొప్పి ఏడు, అసూయ పది

వారం దాటింది. నాకు కళ్ళు తిరగలేదు, నోరు ఎండలేదు, నిద్ర ముంచుకు రాలేదు. ఏమీ రాకపోవడమే నాకు అనుమానం తెచ్చింది. గొట్టం విప్పి నాలిక మీద వేసుకుంటే అచ్చంగా బియ్యప్పిండి.

వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గోడలో ఉన్న యంత్రానికి కూడా మగపెళ్ళివాళ్ళకి మంచిదీ మాకు పిండీ పెట్టాలని ఎవరు నేర్పారు? గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని, ఊరికే చూసిపోదామని వచ్చినట్టు పక్క సొరంగానికి వెళ్ళాను.

లాస్యప్రియగారు గోడ పట్టుకుని నడుస్తున్నారు. కళ్ళు తిరుగుతున్నాయట. మాట కొంచెం ముద్దగా వస్తోంది. కానీ ఆవిడ పాదాలకి మేజోళ్ళున్నాయి. రెండేళ్ళ తర్వాత తొడుక్కున్న మేజోళ్ళు, ఎర్ర ఉన్నివి. వాటిని చూడగానే నాకు అసూయ దిగిపోయింది. ఆవిడ ఒక్కో పాదాన్నీ నేల మీద ఆనించి, నాకు చూపించి, చిన్నపిల్లలా నవ్వారు. నాకు నిజంగా సంతోషమేసింది.

ఆవిడ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సీసా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"వదినగారూ, నిజం మందు నాకొచ్చినట్టుంది. ఇది మీకు రావాల్సింది. స్నానం పొయ్యాల్సింది మీ చేతులు గానీ నా కాళ్ళు కాదు గదా. సీసాలు మార్చుకుందాం. నేను ఉట్టి కాళ్ళతో ఉండటం నాకేం కొత్త?"

"మీ మేజోళ్ళు విప్పించి నేను మందు మింగుతానా? రేపు మా అల్లుడిగారి మొహం ఎట్టా చూడమంటారు?"

"వాడి మొహానికేం వచ్చిందండీ. పుట్టబోయే బిడ్డ మొహం చూడండి."

"నేను తీసుకోను."

"తీసుకోకపోతే నేనూ వేసుకోను. సీసా అట్టాగే ఉంటుంది."

ఇలా చాలాసేపు నడిచింది. పచ్చడి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఆవిడ దాన్నిండా అటుకుల మిక్స్చర్ పోశారు, అది వద్దనడానికి ఇంకాస్త సేపు పట్టింది. చివరికి ఇద్దరికీ పరువు నిలిచే దారి ఒకటే కనపడింది. రెండు గొట్టాలూ విప్పి, మందూ పిండీ కలిపేసి, చెరి సగం వేసుకోవడం. చిన్నప్పుడు జామకాయని గౌను అంచులో చుట్టి కాకి ఎంగిలి చేసుకుని పంచుకున్నట్టే. డాక్టర్ ఏమీ కలపొద్దన్నాడు. వేరే మందులు కలపొద్దనే ఆయన ఉద్దేశమని మాకు మేమే సర్ది చెప్పుకున్నాం.

6. నొప్పి ఆరు, కోపం సున్నా, భయం నాలుగు

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో పంపకం. రెండు గొట్టాల పొడీ పళ్ళెంలో పోసి, సూదితో గీత గీసి రెండు కుప్పలు చేస్తాం. ఎంత బాగా గీసినా ఒక కుప్ప పెద్దగా కనిపిస్తుంది. ఆ పెద్ద కుప్ప ఎవరిదన్నది రోజువారీ తగువు.

"ఇది మీరు వేసుకోండి వదినగారూ."

"అబ్బే, అది మీదండీ. చెయ్యి ముఖ్యం."

"పాదాలు మాత్రం ముఖ్యం కావా?"

ఇవాళ ఆ తగువులో మా ఆయన తలదూర్చారు. ఏం పంచుకుంటున్నారని పళ్ళెం మీదికి వంగారు. ఆయనకి పొడి వాసనే పడదు. తుమ్మారు. ఇక్కడి తక్కువ బరువులో పొడి లేచిందంటే అంత తొందరగా కిందికి దిగదు. తెల్లటి మబ్బులా గదిలో నిలబడింది. లాస్యప్రియగారు పళ్ళెం మూత పెట్టి దాన్ని పట్టుకోవాలని చూశారు. నేను నోరు తెరుచుకుని మబ్బు కింద నిలబడ్డాను, ఎంతో కొంత లోపలికి పోతుందని. పోయింది మా ఆయన ముక్కులోకి. కుర్చీలో కూలబడి సాయంత్రం దాకా లేవలేదు. నేను పక్కనే కూర్చుని ఆయన ఊపిరి చూస్తూ, ఆయన లేచేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

లేచాక ఆయన అన్నది, "మోకాలు నొప్పి పోయిందే!"

అప్పటికి నవ్వుకున్నాం గానీ, ఇది ఆటవస్తువు కాదని ఇవాళ నాకు బాగా తెలిసింది.

7. నొప్పి నాలుగు

నాలుగు. రెండుసార్లు ఆలోచించి వేశాను. కొంగు తగిలితే తగిలినట్టే ఉంది, నిప్పులా లేదు. కరెంటు కొట్టడం రోజుకి ఎప్పుడో ఒకసారి. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. లాస్యప్రియగారికి కళ్ళు తిరగడం పోయింది, మేజోళ్ళు మాత్రం ఉన్నాయి. నొప్పి పోలేదు, ఇద్దరికీ సగానికి దిగింది. ఏడాదిగా ఏడూ ఎనిమిదిలో బతికినదానికి నాలుగంటే పండగే.

నాంచారమ్మ ఇవాళ పేర్ల గురించి చెప్పింది. ఆడపిల్లయితే పిచ్చమ్మ అని పెడతారట. ఇప్పుడు అదే ఫ్యాషనట.

8. నొప్పి నాలుగు, భయం పది

నెల పూర్తయింది. డాక్టర్ మొహం వాడిపోయి ఉంది. ధన్వంతరి లెక్క తేల్చింది. ఇద్దరికీ ఒక్కలాగే తగ్గింది, కాబట్టి పిండికీ మందుకీ తేడా లేదు. మీరు తగ్గుతుందని నమ్మారు, నమ్మకం వల్లే తగ్గింది, మందు వల్ల కాదు అంది. పొడి డబ్బాకి సీలు వేసేశారు, ఇక ఎవరికీ ఇవ్వరు. మా ఇద్దరికీ మందు మెల్లగా తగ్గించి ఆపుతారు.

"నేను చాలా ఆశపడ్డానండీ," అన్నాడు డాక్టర్. "పక్క ఊరివాళ్ళకి కూడా ఇది పనిచెయ్యదని రాసి పంపాలి. వాళ్ళు దీనిమీదే ఆశలు పెట్టుకుని ఉన్నారు, పాపం."

నేను ఇంటికొచ్చేశాను. అన్నం తినబుద్ధి కాలేదు. నా స్నానం పోతే పోయింది. మా పంపకం వల్ల ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా మందు లేకుండా పోతుంది. ఇది మర్యాద ఎలా అవుతుంది?

వెళ్ళి చెప్పేస్తాను. వదినగారి పేరు రానివ్వను.

9. నొప్పి ఐదు, సిగ్గు పది

ఆస్పత్రి తలుపు దగ్గర లాస్యప్రియగారు నాకంటే ముందే నిలబడి ఉన్నారు. నా పేరు రాకుండా చెప్పేద్దామని వచ్చారట.

లోపలికి వెళ్ళి ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం.

"తప్పు నాది డాక్టరుగారూ. సీసా నేనే ఆవిడ ఒళ్ళో పెట్టా."

"కాదు నాయనా. పిండి రుచి చూసింది నేను. గిన్నె పట్టుకుని వెళ్ళిందీ నేనే."

"వదినగారు నా కోసం అట్టా అంటున్నారు. కలుపుదామన్నది నేను."

"పళ్ళెం నాది!"

"తప్పులో కూడా ఎవరి వాటా పెద్దదో తేలాలా మీకు?" అని డాక్టర్ గట్టిగా అరిచాడు. ఆ అబ్బాయి అరవడం నేనెప్పుడూ వినలేదు. కుర్చీలో కూర్చుని, తల పట్టుకుని, మొత్తం మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తుమ్ము సంగతి దగ్గర లేచి నిలబడ్డాడు.

"మీలో ఎవరైనా నిద్ర ముంచుకొచ్చే ఆ పాత మందు ఒక్కటి వేసుకుని ఉంటే? అంకుల్‌గారికి ఊపిరి మందగించి ఉంటే? ఒకరి మందు ఇంకొకరు మింగడం మర్యాద కాదు మామ్మగారూ. మనిషిని చంపే పని."

తల వంచుకున్నాం. ఏమన్నా పడాల్సిందే. నాకు చాలా సిగ్గేసింది, వదినగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి డాక్టర్ ధన్వంతరి వైపు తిరిగి ఏవో అంకెలు చూశాడు. మళ్ళీ మమ్మల్ని చూశాడు.

"అంటే నెలలో మూడు వారాలు ఇద్దరూ సగం మోతాదు మింగారు. సగానికే ఏడు నాలుగైందా? కళ్ళు తిరగలేదా?"

"మొదటి వారం పూర్తిది మింగినప్పుడు తిరిగాయండీ," అన్నారు లాస్యప్రియగారు. "సగం చేశాక తిరగలా."

"ఇద్దరు మనుషులు, ఒక సూది, ఒక పళ్ళెం. దీన్ని రుజువని రాస్తే భూమ్మీద నన్ను చూసి నవ్వుతారు," అన్నాడు. కానీ లేచి వెళ్ళి డబ్బా మీద సీలు తనే తీశాడు. పనిచెయ్యదని రాసిన కాగితం చింపేశాడు. సగం మోతాదుతో సరిగ్గా కొత్త పరీక్ష పెట్టాలని, పక్క ఊరివాళ్ళని కూడా కలుపుకోవాలని, అప్పటిదాకా మాకు సగం సగం ఆయనే చేతికిస్తాడని, ఆయన కళ్ళెదుట మింగి నోరు తెరిచి చూపించాలని చెప్పాడు. చూపిస్తామన్నాం.

"ఇంకోటి. కొత్త పరీక్షలో మీ ఇద్దరినీ చెరో సొరంగంలో పెట్టి మధ్య తలుపు మూయిస్తాను."

"పచ్చడి గిన్నెకైనా తియ్యరా?" అన్నాను. నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

10. నొప్పి ఐదు, ఏడుపు

ఇవాళ బొమ్మ పరీక్ష మళ్ళీ. బొమ్మని పట్టుకున్నాను. తిప్పాను. జారలేదు. అప్పుడు డాక్టర్ దానిమీద గోరువెచ్చటి నీళ్ళు పోశాడు. చేతి మీద వెచ్చటి నీళ్ళు పడగానే నరం నిద్రలేచింది. చిటికెన వేలి దాకా ఒక్క మంట, చెయ్యి దానంతటదే విడిచిపెట్టేసింది. బొమ్మ తాపీగా కిందికి వెళ్ళింది.

మందు నొప్పిని సగమే తగ్గించింది. స్నానం మిగతా సగంలో ఉండిపోయింది.

వదినగారిని పొయ్యమని నేనే అడిగాను. నాయనమ్మ పోసినా బిడ్డకి పోసినట్టే కదా అని మనసు గట్టి చేసుకునే అడిగాను. ఆవిడ చేతులు బంగారం. కానీ కాళ్ళు చాపి బొమ్మని పెట్టగానే, ఆ బరువు పాదాల మీద పడి ఆవిడ మొహం పాలిపోయింది. అబ్బా అనలేదు, నా ముందు ఎందుకంటారు! బొమ్మని తీసేసింది డాక్టరే.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. మా ఆయన బయట నిలబడి, పెట్టెలో పోసినా నీళ్ళు నీళ్ళేగా అన్నారు. తలుపు తియ్యలేదు.

11. నొప్పి, అంకె వెయ్యలేదు

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పిచ్చమ్మ నల్లటి జుట్టుతో, గుప్పెళ్ళు బిగించి, ఎవరిమీదో కోపంగా ఉంది. ఆ కోపం ఎవరిదో మా ఆయన పైకే చెప్పారు.

స్నానాల పెట్టె తెచ్చి పెట్టారు. మూత దానంతటదే తెరుచుకుంది. లోపల తెల్లటి దీపం వెలిగి, సన్నగా రొద మొదలైంది.

నాకేమైందో తెలియదు. పీట లాగి పెట్టెకి అడ్డంగా వేసి కూర్చుని, చీర పైకి దోపుకుని, కాళ్ళు బారజాపాను.

"నేను కదలను," అన్నాను.

"మామ్మగారూ, చెయ్యి ఆగదు కదండీ," అన్నాడు డాక్టర్ మెల్లగా.

"ఆగదు. తెలుసు నాకు. కదలను."

లాస్యప్రియగారు తలుపు దగ్గర ఎర్ర మేజోళ్ళతో నిలబడి ఉన్నారు. నా కాళ్ళ వైపు చూశారు. తన చేతులు చూసుకున్నారు. వచ్చి నా పాదాల పక్కన ఇంకో పీట వేసుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు.

"కాళ్ళు మీవి కానివ్వండి వదినగారూ. చేతులు నావి."

డాక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బొమ్మ తెండి," అన్నాడు. సబ్బు రాశాడు, నా కాళ్ళ మీద పెట్టాడు, నీళ్ళు పోశాడు. ఆవిడ తిప్పారు, బోర్లా పడుకోబెట్టారు, వెల్లకిలా తిప్పారు. బొమ్మ ఇసుమంత జారలేదు. ఇంకోసారి చేయించాడు. పెట్టె మూత తనే వేసి, దీపం ఆర్పేశాడు.

బిడ్డని నా కాళ్ళ మీద పడుకోబెట్టారు. ఎంత వెచ్చగా ఉంది! వదినగారు నూనె రాసి, సున్నిపిండి చల్లి, కుట్టుపని చేసే ఆ వేళ్ళతో ముక్కు దగ్గరా చెవుల వెనకా నలిచారు. తర్వాత చెంబు తీసుకుని ఆగిపోయారు.

"మొదటి నీళ్ళు మీరు పొయ్యాలండీ. అమ్మమ్మ మీరు."

"మీరే కానివ్వండి వదినగారూ, నలిచింది మీరు."

"అట్టా అంటే ఎట్టా? మీ కాళ్ళ మీదుంది."

పిచ్చమ్మ గుక్కపట్టి ఏడుపు లంకించుకుంది.

"అమ్మా! అత్తయ్యా!" అని మంచం మీద నుంచి నాంచారమ్మ కేక పెట్టింది. "పిల్ల చలికి వణుకుతోంది. ఎవరో ఒకళ్ళు పొయ్యండి!"

చెంబు కుడిచేత్తో నేను పట్టుకున్నాను, కింద ఆవిడ పట్టుకున్నారు. ఇద్దరం వంచాం. ఇక్కడ నీళ్ళు కూడా తాపీగా పడతాయి. వరసగా ఒక్కో బొట్టూ గాల్లో మెరుస్తూ వచ్చి బిడ్డ పొట్ట మీద పడింది. పిచ్చమ్మ ఏడుపు ఆపి, పైకి చూసి, వచ్చే నీళ్ళ కోసం నోరు తెరిచింది.

ఎడమ చెయ్యి పక్కన పెట్టుకున్నాను, తడి తగలకుండా. బిడ్డ గుప్పిట తెరిచి దేన్నో వెతుక్కుని నా చిటికెన వేలు పట్టుకుంది. గిల్లినా తెలియని వేలు. మంట మోచేతి దాకా పోయింది. పట్టు కూడా తెలిసింది, ఆ మంట అడుగున చిన్నగా, గట్టిగా. నేను వేలు తియ్యలేదు.

"అంకె ఎంత?" అని అడిగాడు డాక్టర్. రేపు చెబుతానన్నాను.

తలెత్తి చూస్తే లాస్యప్రియగారి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"కళ్ళలో ఆ నీళ్ళేంటి వదినగారూ?" అన్నాను.

"ఘాటు వదినగారూ," అన్నారావిడ. "మీకో?"

"నాకూ ఘాటేనండీ."